గరిటె ఎవరిది

పబేడాన్ పేటలో, మరదలి దోసెల కొట్టు ముందు, ఆమెతో పెళ్లి ఖాయమైన మర్నాడు బావ మొదలెట్టాడు.

"పెళ్లయ్యాక నీ కొట్టుకి కాపలాగా మా తమ్ముణ్ణి పెడతాను. ఆడి జీతం, తిండీ నువ్వే సూసుకో."

"ఇంకేటి బావా?"

"నన్నడక్కుండా ఎవరితోనూ బేరం పెట్టుకోకు."

"తెల్లదొరలు మన రాజుల సేత రాయించుకున్న ఒప్పందం ఇదే కదా! కాపలాకని సైన్యాన్ని దింపారు, ఖర్చు రాజుల నెత్తిన రుద్దారు. పక్క రాజుతో మాటాడాలన్నా దొర సెలవియ్యాలి. ఆకరికి రాజుకి కిరీటమే మిగిలింది."

"అయితే పెళ్లి వద్దంటావేటి?"

"పెళ్లి కావాలి. ఒప్పందం మాత్రం నేను రాస్తాను. పొద్దున్నే పిండి రుబ్బడం నీ పని, గరిటె నాది."

"మరి నాకేటి మిగిలిందే?"

"పెళ్లినాడు నుదుట బాసికం కడతారుగా, అదే నీ కిరీటం!"

"సిత్తం దొరసానిగారూ! గ్రైండరెక్కడుందో సూపించండి."