ఈశాన్యం మూల

ఆత్మకూరు చివర కొత్త లేఅవుట్లో, ముగ్గు పోసిన ప్లాటు. కూలికొచ్చిన అవ్వ గడ్డపార పక్కన పడేసి కూర్చునుంది. ఇల్లు కట్టించే ఆమె గొడుగేసుకుని దగ్గరికొచ్చింది.

"ఏందవ్వా, కూర్చున్నావు? సంపు ఆ మూలే తవ్వాల."

"ఆ మూల వద్దమ్మా. లేఅవుట్ పడకముందు ఇది మా పాలెం సమాధుల తోట. రాయి పెట్టే తాహతు లేక గన్నేరు కొమ్మ నాటినాం."

"నిన్న జేసీబీ పీకేసిన గన్నేరా?"

"అదే. దాని కింద నా బిడ్డ ఉండాది. నాలుగేళ్ల పిల్ల."

"అయ్యో పాపం! కానీ వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యంలోనే ఉండాల గదా. నీ వల్ల కాకుంటే చెప్పు, వేరేవాళ్లని పిలిపిస్తా."

"వద్దమ్మా, నేనే తవ్వుతా."

"ఇప్పుడే గదా వద్దన్నావు?"

"వాళ్లు గడ్డపారతో పొడుస్తారు. నేనైతే చేత్తో తీస్తా."