మేనకోడలు పడుకునే గోడ

అందరూ నన్ను మూగమేస్త్రీ అంటారు. మూగవాణ్ణి కాను. వయసు నలభై ఆరు, వృత్తి వడ్రంగం. బడికి వెళ్ళలేదు, చదువు సొంతంగా నేర్చుకున్నాను. ఏ రోజు పని ఆ రోజే రాసుకుంటాను కాబట్టి తేదీలకు తడుముకోను. పాత దూది గోదాము మెట్లు ఊడదీసిన విషయం అడిగారు. తీసింది నేనే.

ఆ గోదాము పైఅంతస్తును పోయినేడాది చిన్న చిన్న ఇళ్ళుగా మార్చారు. ఇంటికి ఒక్కటే గది. మా అక్క, బావ, ఐదేళ్ళ మేనకోడలు అక్కడే ఉంటారు. ఇళ్ళ మధ్య గోడ పాతది, రెండున్నర అడుగుల మందం. పైకప్పు దూలాలు దాని మీదే ఆనుతాయి. "చోటు చాలకపోతే గోడ తొలుచుకోండి, అది ఊరికే తింటున్న చోటు మీదే" అని యజమాని అందరికీ చెప్పారు. అందరూ తొలుచుకున్నారు. ఒకరు గిన్నెలకు, ఒకరు పుస్తకాలకు. అక్క ఇంట్లో నేను అడుగున్నర లోతు తొలిచి పిల్లకు పడక చేశాను. పిల్ల దాన్ని రైలుపెట్టె అంది.

మార్చి మూడున ఆ పడకకు మేకు కొడుతుంటే అవతలి ఇంటి దర్జీ కేక వేశాడు. "ఎవరండీ, నా చొక్కాలకు చిల్లు పెడుతున్నారు?" వెళ్ళి చూశాను. సరిగ్గా అక్కడే అతనూ బట్టలకు గూడు తొలిపించుకున్నాడు. నా మేకు మొన అతని గూట్లోకి వచ్చింది. నాలుగంగుళాల మేకు. ఎవరి వైపు వాళ్ళు కొలుచుకున్నారు. రెండు వైపులూ కలిపి ఎవరూ కొలవలేదు. నేనూ కొలవలేదు.

"తీయకండి మేస్త్రీ, టేపు తగిలించుకుంటా" అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. మేకు ఇంకా అక్కడే ఉంది.

ఆ వారం నుంచి పిల్ల దిండు మీద ఎర్రపొడి. అక్క రోజూ దులుపుతోంది. ఏప్రిల్‌లో వాళ్ళ తలుపు పట్టేసింది. చిత్రిక పట్టాను. మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పట్టాను. మూడోసారి పై అంచు ఏటవాలుగా కోయాల్సి వచ్చింది. వానలు లేవు, చెక్క ఉబ్బలేదు. తలుపు పెరగలేదు సార్, గుమ్మం తగ్గుతోంది.

బావకు చెప్పాను. "నెలకో మాట మాట్లాడతావు, అదీ ఇల్లు కూలుద్దనేనా బామ్మర్దీ? ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి, నీ పనిముట్ల పెట్టెలోకా?" అన్నాడు. యజమానికి చెప్పాను. "ఆ గోడ మీ తాతని చూసింది, నీ మనవణ్ణీ చూస్తుంది. కొనేవాళ్ళు వచ్చే వేళ, నోటికి తాళం వేసుకో" అన్నారు. మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. వచ్చే నెల వచ్చి చూస్తామన్నారు.

ఈ రోజు పదకొండింటికి, కొనేవాళ్ళకు చూపించే ఫొటో కోసం యజమాని అందర్నీ వాకిట్లోకి దింపారు. పైన ఎవరూ లేరని ప్రతి గదీ చూసుకున్నాను. తర్వాత చెక్కమెట్ల బోల్టులు విప్పాను. పైకి దారి అదొక్కటే. "ఒరేయ్ తమ్ముడూ, పిల్ల అన్నం పైనే ఉందిరా, మెట్లు పెట్టరా" అని అక్క ఏడ్చింది. పెట్టలేదు. పెట్టలేదనే రాయండి.

నన్ను పోలీసు జీపు ఎక్కిస్తుండగా యజమాని ఇనప నిచ్చెన తెప్పించారు. ముందు బావ ఎక్కాడు. తర్వాత పిల్లను అందుకున్నాడు. పిల్ల కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. పిల్ల ఎనిమిదింటికి పడుకుంటుంది. ఆలోగా ఎవరినైనా పంపి ఆ తలుపు తెరుచుకుంటోందో లేదో చూడమన్నాను. రేపు పంపుతామన్నారు. సంతకం పెట్టాను.

మూగమేస్త్రీ
రాత్రి 7.40