ఇరుగట్ల ప్రభుత్వాలను కలిపిన రాధారాణి గారు

1976 సెప్టెంబరు 13న డాక్టర్ ఆకెళ్ల రాధారాణి గారు వాషింగ్టన్‌లోని మన ప్రజారోగ్య సహకార సంస్థలో కీటక శాస్త్రవేత్తగా ప్రవేశించారు. పశ్చిమాఫ్రికాలో వేగంగా పారే నదుల్లో పుట్టే నల్ల ఈగల కాటుతో వచ్చే ‘నదీ అంధత్వం’ వ్యాధికి ఊళ్లకు ఊళ్లే చూపు కోల్పోయి, సారవంతమైన తీరభూములను విడిచిపోతున్న రోజులవి. ఇరుగుపొరుగు ప్రభుత్వాలు ఏకమై హెలికాప్టర్లతో నదుల మీద పురుగుమందు చల్లిస్తుండగా, ఏ నదిపై ఎప్పుడు చల్లాలో నిర్ణయించే బాధ్యత క్రమంగా ఆమె భుజస్కంధాలపై పడింది.

1983 ఫిబ్రవరిలో ఆ మహాయత్నానికే గండం వచ్చింది. సరిహద్దు తగాదాతో రెండు దేశాలు తమ మధ్య పారే నదిపై హెలికాప్టర్లను ఎగరనివ్వలేదు. ఈగలు మళ్లీ ముసురుతున్నాయని కబురందింది. చర్చలకు వాషింగ్టన్ వచ్చిన ఆ రెండు దేశాల ఆరోగ్య మంత్రులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మంచు తుఫానులో టాక్సీలు దొరకక, ఇద్దరినీ రాధారాణి గారు తమ కారులోనే ఎక్కించుకున్నారు. పక్కన సహోద్యోగి శ్రీధర్ గారు. పొటోమాక్ వంతెన దిగగానే కారు మంచులో కూరుకుపోయింది.

“శ్రీధర్, నువ్వు స్టీరింగ్ పట్టుకో. నేను దిగి పుష్ చేస్తా.”

“చీరతోనా మేడమ్? కారును లాగడానికి టో ట్రక్‌ని పిలుద్దాం.”

“ఇంత స్నోలో ఎవడొస్తాడయ్యా!”

ఆమె ఒంటరిగా తోయడం చూసి మంత్రులిద్దరూ దిగి చెరోవైపు భుజం ఆనించారు. కారు కదిలింది. ముగ్గురూ తడిసిన బూట్లతో మళ్లీ ఎక్కారు.

“మీ హెలికాప్టర్ మా గడ్డమీద దిగకూడదు,” అన్నారు మంత్రుల్లో పెద్దాయన, ఆయాసపడుతూనే.

“దిగదు. ఇంధనం మా వైపే నింపుకుంటాం. మీ ఒడ్డు మీదుగా ఎగరనిస్తే చాలు,” అన్నారు రెండో ఆయన.

ఒకరిది ఫ్రెంచి, మరొకరిది ఇంగ్లీషు. ఒకరి మాట మరొకరికి తెలియజెప్పింది రాధారాణి గారేనని శ్రీధర్ గారు నేటికీ చెబుతారు. ఆ వారంలోనే ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

1987లో ఆమె ఆ తీరానికి వెళ్లారు. ఒకప్పుడు నిర్మానుష్యమైన ఒడ్డంతా జొన్నచేలు. చూపులేని ఒక వృద్ధుడు తన మనవరాలి చేతిని ఆమె చేతిలో పెట్టి, “ఈ పిల్లకు ఏరంటే భయమే తెలియదమ్మా,” అన్నాడు. ఆ అద్భుతాన్ని చూస్తూ, ఆ పిల్ల చేయి పట్టుకుని ఆమె అక్కడే కూర్చుండిపోయారు.

ఈ 1989 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న రాధారాణి గారు భర్త గోపాల్ గారితో, కుమార్తె రేణుతో నిండు ఆరోగ్యంతో వర్ధిల్లాలనీ, ఆ వ్యాధి పేరునే మరచిపోయిన లోకాన్ని స్వయంగా చూసేంతటి దీర్ఘాయువు ఆమెకు కలగాలనీ మనసారా కోరుకుంటున్నాం.