ఆయనకు మాత్రం నేర్పకండి

నాచారంలో ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయింది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుతో బాధపడుతూ మంచం మీద పడుకున్న టీచరమ్మ మెడ మీద, ఇంటికొచ్చి చూసే నర్సు తడిగుడ్డ వేస్తోంది.

"పొద్దున గోడ పట్టుకుని నడిచాను సిస్టర్. ఇప్పుడు కాళ్లు కదలడమే లేదు. మా అత్తగారు నాటకం అంటున్నారు."

"నాటకం కాదు మేడమ్. నరాల మీది పొర దెబ్బతిన్నది కద, వేడికి గిట్లనే అయితది. ఒళ్లు సల్లవడితే జర నయమైతది. గని మూత్రం నిలవ ఉంటే మంచిది కాదు. దినానికి నాలుగుసార్లు పైపు పెట్టి తియ్యాలె."

"మీరు పెడుతున్నారుగా."

"గన్నిసార్లు నేనెట్ల వస్త? మీకేమో చేతులు వణుకుతున్నయ్. సార్‌కు నేర్పిస్త."

"వద్దు. ఆయనకు మాత్రం నేర్పకండి."

"ఎందుకు మేడమ్?"

"మా ఆయన కంపెనీ నుంచి రాగానే పక్కన కూర్చుని కబుర్లు చెప్తారు. ఆ కాసేపే నేను పేషెంటును కాను. అది కూడా పోతుంది."

నర్సు గుడ్డను మళ్లీ తడిపి పిండింది.

"సార్ పోయిన వారమే మా దవాఖానాకొచ్చి బొమ్మ మీద పైపు పెట్టుడు నేర్చుకున్నరు. మీరు ఒప్పుకునేదాంక చెప్పొద్దన్నరు."

"వారం నుంచీ తెలుసా ఆయనకు? నిన్న కూడా నన్ను నవ్వించారు!"

"నేర్చుకునేటప్పుడు సార్ చేతులు మీకంటె ఎక్కువ వణికినయ్ మేడమ్."

టీచరమ్మ గోడ మీది గడియారం వైపు చూసింది.

"సాయంత్రం ఆయనొచ్చేదాకా ఉంటారా సిస్టర్?"

"ఉంట."

"మొదటిసారి ఆయన పైపు పెట్టేటప్పుడు నా మొహం మీద చీరకొంగు కప్పండి. ఆయన మొహం నేను చూడలేను."