గోదారికి చెప్పిన దొర మాట

గంగులని పడవ నడిపే ఆయనుండేవోడంట. గోదారి రేవులో వచ్చేపోయేవోళ్ళని దాటించడమే ఆయన పని. ఓసారి ఏమైందంటే, వంతెన కట్టాలని ఏరు కొలవడానికి ఓ దొరొచ్చాడు. దొర దగ్గర ఏరు కొలిచే అద్దాల పెట్టొకటి. అది పడవెక్కించినప్పుడల్లా చెయ్యి గాల్లో నిమిరినట్టు ఆడించి, 'స్లోలీ, స్లోలీ' అనేవోడంట. దొర తనెక్కేటప్పుడు అనడు, బంట్రోతు ఎక్కేటప్పుడు అనడు, పెట్టెక్కేటప్పుడే. దాంతో గంగులేమనుకున్నాడూ, ఓహో, లోపల పగిలేదేదో ఉంది, పైపైన సూసి మోసెయ్యకు అని చెప్పడానికి దొరలకో మాటుందన్నమాట, అనుకున్నాడు. నిదానం అని మనకూ మాటుంది, కాదన్ను. అది గేదెనీ అంటాం, బండినీ అంటాం. ఇది అలాంటిది కాదంట.

దొరెళ్ళిపోయాడు, మాట ఉండిపోయింది. గంగులు దాన్ని ఊరికే వాడేవోడు కాదనుకో. కొబ్బరికాయల బస్తాలకి అనడు, పెళ్ళోళ్ళకి అనడు. మొగుడు పోయి పుట్టింటికెళ్తున్న పిల్ల పడవ బల్ల మీద అడుగెడతంటే మాత్రం, 'స్లోలీ, అమ్మా' అనేవోడు. ఆ పిల్లకి అర్థమయ్యేదా అంటే ఏమో గానీ, ఏడుపు ఆగేదంట.

అలా ఉండగా వరదొచ్చింది. పొద్దు పొడిచే ఏళకి గంగులు కూతురు సూరమ్మకి నొప్పులు. బిడ్డేమో అడ్డం తిరిగింది, మంత్రసానేమో అవతలొడ్డున. పడవలో పడుకోబెట్టి బయల్దేరాడు. తుప్పరలో ఒడ్డేదో ఏరేదో తెలీటం లేదు, ఆకాశంలో పోతున్నట్టే ఉందంట. 'బేగా పోనియ్ నాన్నా, పేణం పోతంది' అని సూరమ్మ ఒకటే ఏడుపు. ఎదురుగా సుడి. తొందరపడి తెడ్డేస్తే అందులోకే. కన్నకూతురు, ఆయనకి మాత్రం తొందరుండదా? అయినా తెడ్డు పైకి తీసి, చెయ్యి గాల్లో నిమిరి, 'స్లోలీ తల్లీ, స్లోలీ' అన్నాడంట. కూతురితో అన్నాడో, గోదారితో అన్నాడో, లోపలి బిడ్డతో అన్నాడో! సూరమ్మ చెప్పేది, జోకొడితే పడుకున్న పసిపిల్లలాగ ఏరు సద్దుమణిగిందంట. పడవ సుడి అంచునే జారిపోయింది. లోపలున్నది కూడా మెల్లగా సర్దుకుని తిరిగిందంట. ఒడ్డు తగిలాక మంత్రసాని చేతుల్లో పడింది, ఆడపిల్ల. గంగులు పడవైనా కట్టకుండా బురదలో కూలబడి ఏడ్చాడంట.

వంతెనొచ్చాక అలాంటి మాటే, 'గో స్లో' అని, బోర్డు మీద రాసి అటూ ఇటూ పాతారు. లారీలోళ్ళు సదువుతారు, సర్రుమని పోతారు. ఎవరి లోపలేముందో ఆళ్ళకేం తెలుసు! ఇందాకట్నుంచి మీరూ సణుగుతున్నారుగా, కథ నత్తనడక నడిపిస్తంది ముసల్ది అని. నన్నేం చెయ్యమంటార్రా? ఆ రోజు పుట్టిన పిల్లని నేనే. బయటికి రాకముందే నేను విన్న మొదటి మాట అది.