చివర్లో నీళ్ళ గ్లాసు

పొద్దున. వంటింటి బల్ల మీద కంప్యూటర్. దాని ముందు మరిది, పక్కన వదిన. అన్నయ్య పక్క గదిలో.

"మళ్ళీ అదే జవాబు, వదినా. 'మరోసారి పరిశీలించాం. మా నిర్ణయంలో మార్పు లేదు.'"

"మనిషెవరైనా చూశారంటావా, మిషనే రాసిందా?"

"ఎవరు రాస్తేనేం. ఛానల్ పోయింది. అన్నయ్య వీడియో ఒక్కటంటే ఒక్కటి లేదు."

"ఇంకోసారి రాయి."

"ఇంక రాయడానికి వీల్లేదు. ఆ బటనే తీసేశారు."

"అంత పాపం ఏం చేశార్రా మీ అన్నయ్య? ఎవర్నైనా బూతులు తిట్టారా?"

"వీడియోల్లో జ్ఞాపకశక్తి పెంచే మాత్రలన్నాడు కదా. రుజువు లేని మందుల గురించి చెప్పేవన్నీ తీసేస్తున్నారు. వాళ్ళది తప్పని నేననలేను, వదినా. డబ్బాలకు డబ్బాలు తనే మింగాడు. ఏం ఒరిగింది?"

"ఏమీ ఒరగలేదు. నాకు తెలీదా? స్నానం చేయించేది నేనే కదా. ఆ మాత్రల సోది వాళ్ళనే ఉంచుకోమను. నాకు చివరి ముక్క చాలు."

"ఏ ముక్క?"

"ప్రతి వీడియో చివర్లో నేను నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చేదాన్ని. 'ఈవిడ మా ఆవిడ. నేనేం మర్చిపోయినా ఈవిడే గుర్తుచేస్తుంది' అనేవారు. తీసింది నువ్వే కదా."

"నేనే. ఒకసారి ఆయన ఒళ్ళో ఒలకబోశావు. మళ్ళీ తీశాం."

"రోజూ పొద్దున్నే ఫోన్లో అది పెట్టి చూపించేదాన్ని. అది చూసి, నా మొహం చూసి, అప్పుడు నోరు తెరిచేవారు. నాలుగు ముద్దలు తినేవారు. ఇప్పుడు దగ్గరికెళ్తే చెయ్యి తోసేస్తున్నారు. నిన్న, 'నర్సుగారూ, మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడొస్తారు' అన్నారు."

"వదినా, అదీ…"

"నీ దగ్గరుంటాయిగా. నువ్వు తీసినవి, అసలువి."

"చెరిపేశా."

"ఏంటి?"

"కంప్యూటర్లో చోటు చాల్లేదు. ఎలాగూ ఛానల్లో ఉన్నాయి కదా, కావాలంటే దించుకోవచ్చు అనుకున్నా. ఇల్లంతా వెతికాను, వదినా. పాత ఫోన్లు కూడా."

"తిట్టే ఓపిక కూడా లేదురా నాకు."

"తిట్టు. నాక్కాస్త తేలిగ్గా ఉంటుంది."

"అసలు ఇన్నేళ్ళూ ఊరుకుని, ఇప్పుడెందుకు పడ్డారు మన మీద? ఆ ఛానల్ చూసేదే నేనూ ఆయనా."

"ఎవరో ఫిర్యాదు పెట్టారట. ఒకసారి కాదు, పట్టు వదలకుండా రోజూ. దాంతో మొత్తం తిరగేసుంటారు."

"ఏ పుణ్యాత్ముడో. వాడి చేతులు పడిపోను."

"మెల్లిగా. అన్నయ్య లేచి వస్తున్నాడు."

"ఏమ్మా, ఈ అబ్బాయెవరు?"

"మీ తమ్ముడండీ. కంప్యూటర్ చూస్తున్నాడు."

"కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయా. మంచిది. బాబూ, ఆ మాత్రల వాడు ఇంక రావడం లేదు కదా?"

"ఎవరన్నయ్యా?"

"అదే, పొద్దున్నే ఫోన్లో వస్తాడు చూడు, కళ్ళజోడు వాడు. ఫిర్యాదు పెట్టేశా. ఆ మూడు చుక్కలు నొక్కితే వస్తుంది. పెద్ద పనేం కాదు."

"వదినా… విన్నావా?"

"ఫోన్ని వేలితో పొడుస్తుంటే సౌండు పెంచుకుంటున్నారనుకున్నా. రోజూ పక్కనే కూర్చున్నానురా. పక్కనే."

"ఆ మాత్రలు అబద్ధమనా అన్నయ్యా, ఫిర్యాదు పెట్టింది?"

"మాత్రలతో నాకేం పని? అమ్ముకుంటే అమ్ముకోనీ. నీళ్ళు తెచ్చినావిడ భుజం మీద చెయ్యేసి 'మా ఆవిడ' అంటాడేంటి, సిగ్గు లేకుండా? ఆవిడ నా భార్య, బాబూ."

"నేనేనండీ ఆవిడని. ఇటు చూడండి. ఒక్కసారి ఇటు చూడండి."

"మీరు కాస్త పక్కకి జరగండమ్మా, గుమ్మం కనబడ్డం లేదు. వాడి పీడ వదిలింది కదా, ఇంక ఆవిడ ఇంటికొచ్చేస్తుంది."