మార్కండేయులు టీవీకి బొట్టు పెట్టిన కథ

రండ్రా, రండి. గుమ్మంకాడ నిలబడ్డోళ్ళు లోపలికొచ్చి కూర్చోండి. చాప మీద చోటు చాలకపోతే పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకోండి. జరుగమ్మాయ్, నీ జడ వెనకోడి నోట్లో పడతంది. ఆఁ, సర్దుకున్నారా? మార్కండేయులని ఒకాయన ఉన్నాడంట. నేతగాడు. మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూర్చున్నాడంటే చెయ్యి ఒకపక్క, నోరు ఒకపక్క ఆడతానే ఉండేవంట. చెయ్యి అప్పుడప్పుడన్నా ఆగేది, నోరు ఆగేది కాదు. ఆయన పెళ్ళాం సీతారావమ్మ. ఈమె సంగతేమో, పది మాటలడిగితే ఒక మాట చెప్పే రకం అనుకో. తాటిచెట్టుకి గిజిగాడి గూళ్ళు వేలాడతంటాయే, వాటిని చూసి చూసి, గళ్ళ కాగితం మీద కుంచెతో ఒక్కో గడీ దిద్దుకుంటా, చీర మీదకి ఒక బుటా కట్టింది. గిజిగాడి గూడు బుటా. మూడు నెలలు పట్టిందంట. నేసేటప్పుడు గూడా ఈమె పక్కన కూర్చుని ఎక్కడ ఎన్ని పోగులు ఎత్తాలో లెక్క చెప్తంటే, ఈయన ఎత్తేవాడు. అంతే ఈయన పని. కానీ వీధిలోకొచ్చి ఏమనేవాడంటే, "ఆ బుటా నాకు కల్లోకొచ్చింది" అనేవాడు. ఎవరడిగినా అదే. ఎవరూ అడక్కపోయినా అదే. కల్లోకొచ్చింది, కల్లోకొచ్చింది. సీతారావమ్మ గుమ్మంలో దారం చుట్టుకుంటా ఇనేది. లోపల మాత్రం ఉడుకుతా ఉండేది, మూతపెట్టిన పప్పులాగా.

అట్టా ఉండగా ఏమైందంటే, టీవీ వాళ్ళొచ్చారు. చేనేత మీద అరగంట కార్యక్రమమంట. మైకు పట్టుకున్న అమ్మాయీ, కెమెరా మోసే ఆయనా రోజంతా ఉండి ఇద్దర్నీ మాట్లాడించారు. ఈయన మగ్గం మీద మాట్లాడేటప్పుడు, "నువ్వు కెమెరాకి అడ్డమే" అని ఆమెని లోపలింట్లో కూర్చోబెట్టాడు. ఆమె వంతు వచ్చేసరికి, ఈయన కెమెరా ఆయనకి సోడా తేవడానికి పోయాడు. ఆ సోడా వచ్చేలోపల సీతారావమ్మ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉన్నదున్నట్టు చెప్పేసింది, బుటా నేను గీసిందేనమ్మా అని. చెప్పింది గానీ వాళ్ళు ఆ మాట ఉంచుతారో తీసేస్తారో ఎవరికి తెలుసు? దసరానాడు సాయంత్రం ఐదింటికి చూపిస్తామన్నారు. ఇంక ఆమెకి అన్నం సయించలా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వీధి వీధంతా ఆ మాట ఇంటే చాలు. అదీ ఆమె కోరిక.

దసరా వచ్చింది. నేతోళ్ళ ఇళ్ళల్లో ఆ పొద్దున ఏం చేస్తారు? చెప్పండి? ఆఁ, పనిముట్లకి పూజ. మగ్గానికి బొట్టు, రాట్నానికి బొట్టు, కత్తెరకి బొట్టు, సైకిలుకి బొట్టు. మార్కండేయులు అన్నిటికీ పెట్టాడు. పెట్టి, టీవీ వంక చూశాడు. "ఇయ్యాల నన్ను లోకానికి చూపించేది ఇదే, దీనికి పెట్టకపోతే ఎట్టా?" అన్నాడు. టీవీ నుదుటికి పెట్టాడు. సెట్‌టాప్ బాక్సుకి పెట్టాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. బాక్సునించి టీవీకి పోయే నల్లతీగ ఉంటది చూడండి, బొమ్మనీ మాటనీ మోసుకుపోయేది, దాన్ని టీవీ వెనకనించి పీకాడు. పీకి, ఆ పిన్ను మూతికి గంధం, పసుపు, కుంకం మెత్తాడు. "పని చేసేది ఇదిగా, పైపైన పెడితే పుణ్యమేముంది" అని అగ్గిపుల్లతో టీవీ బెజ్జంలోకి గూడా గంధం ఎక్కించాడు. ఎక్కించి, మళ్ళీ దూర్చేసి, కొబ్బరికాయ కొట్టాడు. నవ్వబాకండి. భక్తి లేక చెడినోళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. భక్తి ఎక్కువై టీవీని చెడగొట్టినోడు ఈయనొక్కడే.

వీధి మొత్తానికీ టీవీ ఉన్నది ఆ ఇంట్లోనే, నాలుగున్నరకే వీధంతా వచ్చి కూర్చుందంట. మార్కండేయులు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టీవీ పక్కనే కుర్చీ వేసుకున్నాడు, తెరలో ఒకడూ బయట ఒకడూ కనపడాలని. ఐదైంది. మీట నొక్కాడు. టీవీ వెలిగింది. ఏముంది? నల్లటి తెర, మధ్యలో 'నో సిగ్నల్'. అంతే. ఇంక చూసుకో, తలా ఒక వైద్యం. పక్కింటి పూర్ణయ్య తాత లేచి, "రేడియోల కాలంనించీ ఇదే మందు" అని టీవీ నెత్తిన రెండిచ్చాడు. 'నో సిగ్నల్'. ఇంకో రెండిచ్చాడు. 'నో సిగ్నల్'. సీతారావమ్మ తమ్ముడు వీరాస్వామి, "గొడుగు తిరిగుంటది బావా, మొన్నటి గాలికి" అని నిచ్చెనేసుకుని డాబా ఎక్కి, ఆ డిష్ గొడుగుని కిర్రు కిర్రున తిప్పాడు. "వచ్చిందా?" "రాలా!" ఇంకాస్త తిప్పాడు. "వచ్చిందా?" "రాలా!" గంధమేమో బెజ్జంలో ఉంటే, గొడుగు తిప్పితే ఎట్టా వస్తది? మీకు తెలుసు. ఆళ్ళకి తెలియదుగా.

అప్పుడే మార్కండేయులు జేబులో ఫోను మోగింది. వియ్యంకుడు, పక్కూరినించి. "బావగారూ, చూస్తన్నారా? చెల్లెమ్మ ఎంత బాగా చెప్పిందండీ! ఆ బుటా చెల్లెమ్మ గీసిందంటగా, ఇన్నాళ్ళూ తమరు చెప్పనే లేదే!" ఈ మాట ఈయన చెవిలోనే పడింది, ఇంకెవరికీ ఇనపడలా. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఫోను కట్టేసి లేచి, "టీవీ పోయినట్టుందిలే, పోనియ్యండి. పండగపూట ఇక్కడేం కూర్చుంటారు, ఇళ్ళకి పోయి బూరెలు తినండి" అన్నాడు. అప్పటిదాకా తిప్పరా, కొట్టరా అన్నోడు! సీతారావమ్మ మొగుడి మొహం చూసింది. ముప్పైయేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆ మొహం చదవడానికి ఆమెకి టీవీ కావాలా? 'నా మాట ఉంచారు' అనుకుంది. లేచి కొంగు దోపింది.

ఇప్పుడు బాగా ఇనండర్రా. మగ్గం మీద పోగు తెగితే నేతోళ్ళు ఏం చేస్తారు? మగ్గాన్ని కొడతారా? కప్పెక్కుతారా? పోగు ఒక కొస పట్టుకుని, వేలితో తడుముకుంటా, ఎక్కడ తెగిందో అక్కడిదాకా పోతారు. ఆమె అదే చేసింది. బాక్సు చూసింది. పచ్చలైటు వెలుగుతంది. "ఇది బతికే ఉంది" అంది. టీవీ చూసింది. అక్షరాలు చూపిస్తంది. "ఇదీ బతికే ఉంది" అంది. "మొన్న వానకి గొడుగుకి సిగ్నల్ అందనప్పుడు బాక్సు నీలం తెరేసి తన మాటల్తో చెప్పింది. ఇయ్యాల ఆ నీలం తెరే లేదు. అంటే బాక్సు చెప్పేది టీవీకి చేరట్లా. తెగింది ఈ రెండిటి మధ్యనే" అంది. మార్కండేయులు అడ్డమొచ్చి, "ఒసే, కరెంటుతో ఆటలొద్దే, షాకు కొడతది!" అన్నాడు. ఆమె స్విచ్చి ఆపి, "ఇంక కొట్టదు, తప్పుకో" అంది. బాక్సుకాడ తీగ పట్టుకుని తడుముకుంటా తడుముకుంటా టీవీ వెనక్కి పోయింది. పిన్ను పీకింది. అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. పెళ్ళికూతురిలాగా ఉందంట ఆ పిన్ను! గంధం ఎండి గట్టిపడి, మీద కుంకం, ఆ మీద అక్షింతల గింజ ఒకటి. "ఎవరయ్యా దీనికి పెళ్ళి చేసింది?" అంది. పూర్ణయ్య తాత మార్కండేయుల వంక చూశాడు. మార్కండేయులు దూలాల వంక చూశాడు.

తడిగుడ్డ తెచ్చిందా ఆమె? తేలా. తడి తగిలితే ఇంకా చెడుద్ది. బుటాలు దిద్దుకునే పొడి కుంచె తెచ్చి, పిన్ను మూతిని మెల్లగా దులిపింది, పసిదాని తలలో పేలు చూసినంత ఓపిగ్గా. టీవీ బెజ్జంలో గంధం మాత్రం కరుచుకుని రాలా. "పక్కన ఇంకో బెజ్జం ఉందిగా, దీనికి పూజ జరగలా" అని అందులో దూర్చి స్విచ్చి వేసింది. 'నో సిగ్నల్'. "చెప్పానా!" అని మార్కండేయులు చంకలు గుద్దుకున్నాడు. ఆమె తొణకలా. "గుమ్మం మార్చినప్పుడు టీవీకి చెప్పొద్దా?" అని, రిమోటులో సోర్సు మీట నొక్కి, ఒకటి కాదు, రెండో దాంట్లో చూడు అని టీవీకి చెప్పింది. వచ్చింది! ఏమొచ్చింది? నీలం తెర. సిగ్నల్ అందట్లేదు, గొడుగు చూసుకోండి అని బాక్సు మొర. ఎందుకంటారు? బాగున్న గొడుగుని వీరాస్వామి తిప్పేశాడుగా! చెడింది ఒకటి, చెడగొట్టుకుంది ఇంకొకటి.

"తమ్ముడూ, ఎక్కు" అంది. "గొడుగు కమ్మీకి తుప్పుగీత ఉంటది, పాతచోటు అదే, దాని మీదకి తీసుకురా." వీరాస్వామి డాబా మీద, టీవీ ఇంట్లో. మధ్యన వాకిట్లో నిలబడి కేకేసే పని మార్కండేయులు తీసుకున్నాడు. తీసుకోడా మరి! లోపలోళ్ళు "వచ్చింది!" అని అరుస్తంటే, ఈయన పైకి చూసి "రాలా, ఇంకా తిప్పు!" అంటాడు. వచ్చింది పోయేది. మళ్ళీ వచ్చేది. "రాలా, ఇంకా తిప్పు!" మూడోసారికి పూర్ణయ్య తాత కర్రుచ్చుకుని వాకిట్లోకొచ్చాడు. "ఒరే, నాకు చెవుడు నిజమే గానీ నీ అంత లేదురా" అని ఈయన్ని పక్కకి నెట్టి, "ఆపరా వీరాసామీ! ఇంక కదిలించావంటే నిచ్చెన తీసేస్తా!" అన్నాడు. నిలిచింది బొమ్మ.

నిలిచేసరికి ఐదూ ఇరవయ్యారు. సీతారావమ్మ మాట ఎప్పుడో అయిపోయింది. తెర మీద మార్కండేయులే ఉన్నాడు, మగ్గంలో కూర్చుని "నాకు కల్లోకొచ్చిందమ్మా" అంటన్నాడు. బయట మార్కండేయులు పరిగెత్తుకొచ్చి, కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. "చూశారా, చూశారా" అంటన్నాడు. సీతారావమ్మ కుంచె పట్టుకుని గోడకానుకుని కూలబడింది. అంత పని చేసి, ఎవరికి చేసిపెట్టినట్టు? ఆ కల మాట వీధికి ఇంకోసారి ఇనిపించడానికా?

ఇంతలో టీవీలో ఆ మైకు అమ్మాయి నవ్వుతా, "మరి ఆ గూడు మెడ దగ్గర ఎన్ని పోగులు ఎత్తాలండీ?" అని అడిగింది. అంతే. తెర మీద మార్కండేయులు నోరు తెరిచాడు. మూశాడు. వేళ్ళు మడిచాడు. దూలాల వంక చూశాడు. చూసి చూసి, మెడ తిప్పి లోపలింట్లోకి కేకేశాడు: "ఒసే సీతా! మెడకాడ ఎన్నే?" లోపలనించి ఆమె గొంతు: "పదకొండు. నిన్నగూడా చెప్పా." ఆ ముక్క తీసేస్తారని అనుకున్నాడు ఈయన. తీసేస్తారా? వాళ్ళకి అదే పండగ. అప్పుడు పూర్ణయ్య తాత, "ఒరే మార్కండేయులూ, కల్లోకొచ్చిన గూటికి మెడ రాలేదంట్రా?" అన్నాడు. ఇంక చూడండి నవ్వు! గచ్చు మీద పడి దొర్లారంట. డాబా మీదనించి వీరాస్వామి "ఏమైంది, వచ్చిందా, రాలా?" అని అరుస్తంటే చెప్పే దిక్కు లేదు. సీతారావమ్మ మాత్రం నవ్వలా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక నవ్వింది.

మర్నాడు చేనేత సొసైటీనించి ఒకాయన వచ్చి, "మార్కండేయులుగారూ, ఆ గూడు బుటా గురించి మాట్లాడాలండీ" అన్నాడంట. ఈయన గొంతు సవరించుకుని, "అదేమైందంటే, నాకు క..." అని మొదలెట్టాడు. ఎదురింట్లో ఎవరో దగ్గారు. పక్కింట్లో ఇంకెవరో దగ్గారు. ఈయన లోపలికి తిరిగి, "సీతా, నీకోసమొచ్చారు" అన్నాడు.

అదర్రా సంగతి. టీవీలో సీతారావమ్మ ఏం చెప్పిందో ఆ వీధిలో ఇప్పటికీ ఎవరూ చూడలా. చూడాల్సిన పనీ లేకపోయింది. సరే, లేవండి, మీ అమ్మలు కేకలేస్తన్నారు. ఇళ్ళకి పోయి కాళ్ళు కడుక్కుని అన్నాలు తినండి. తినేటప్పుడు కూరలో ఉప్పెంత వేశారని మీ నాన్నల్ని మాత్రం అడగబాకండి. పాపం, మీ అమ్మ వంక చూడాల్సొస్తది.